కాలిన వాసన ఎక్కడినుంచి?

ఉపకార వేతనాల పంపిణీ సభలో విద్యార్థులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం



ప్రతి ఏడూ ఈ సభలో పెద్దలు క్రమశిక్షణ గురించి, కష్టపడి చదవడం గురించి చెబుతారు. ఈసారి నన్ను మాట్లాడమన్నప్పుడు, నా చేతికి తగిలిన విషయమే మాట్లాడతానని కార్యదర్శిగారితో అన్నాను. "ఏమిటది?" అన్నారు. "కారు ఇంజనులోంచి వచ్చే కాలిన వాసన" అన్నాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, "సరే, ఇరవై నిమిషాలే" అన్నారు. కనుక నేరుగా విషయానికి వస్తాను.

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేశాను. అయితే తప్పు వెతకడం అనే పని మాత్రం బ్యాంకే నేర్పింది. కంప్యూటర్లు రాకముందు, సాయంత్రం పుస్తకాలు ట్యాలీ కాకపోతే ఇంటికి వెళ్లేందుకు లేదు. తేడా ఎంత వచ్చిందో చూసి దాన్ని మొదట రెండుతో భాగించేవాళ్లం. వచ్చిన అంకె ఆనాటి పద్దుల్లో ఎక్కడైనా కనిపిస్తే, అది జమ వైపు పడాల్సింది ఖర్చు వైపు పడిందేమో చూడాలి. తర్వాత తొమ్మిదితో భాగించేవాళ్లం. శేషం లేకుండా పోయిందంటే అంకెలు తారుమారయ్యాయని అనుమానం. 72 రాయాల్సిన చోట 27 రాస్తే తేడా 45, అంటే తొమ్మిది అయిదులు. దీనివల్ల తప్పు దొరికి తీరుతుందని కాదు. ఏ పేజీ ముందు తిప్పాలో తెలుస్తుంది, అంతే. ముందే ఎవరినో ఒకరిని అనుమానించి అతని లెడ్జరే పదిసార్లు తిరగేస్తూ కూర్చొంటే రాత్రి పది దాటుతుంది. ఈ సంగతి ఇన్నేళ్లు తెలిసీ కారు విషయంలో నేను సరిగ్గా ఆ పనే చేశాను.

2012లో మాట. అప్పటికి మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండులో కొన్న చిన్న పెట్రోలు కారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా లోపలికి మాడిన నూనె వాసన వచ్చేది. బండి కదిలితే పోయేది. మా ఆవిడ రెండుసార్లు చెప్పింది, నేను ముందున్న ఆటోమీదకు తోసేశాను. బెంగుళూరులో వాసన వస్తే ముందున్న బండిమీద వేయడం సులువు కదా! తర్వాత ఇంజన్ ఆయిల్ మార్చే సమయం వచ్చింది, ఒక గ్యారేజీకి తీసుకుపోయాను. అక్కడ పనిచేసే కుర్రవాడు బాగేపల్లి వైపువాడు, ఇంట్లో మన తెలుగే. ఆయిల్ మార్చి, చేతులు తుడుచుకొంటూ, "సార్, టాపెట్ కవర్ ప్యాకింగ్ పోయింది. ఇప్పుడే మార్చేస్తే మంచిది సార్" అన్నాడు. బిల్లు పెంచడానికి చెబుతున్నాడనుకొని, "నేను చెప్పిన పని చెయ్యి చాలు" అన్నాను.

మర్నాడు వాసన రెట్టింపయింది. ఆయిల్ పోసేటప్పుడు కాస్త ఒలికి వేడి భాగాలమీద పడితే ఒకటి రెండు రోజులు అలా వస్తుంది, అదే కాలిపోయి పోతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. గ్యారేజీకి వెళ్లి నలుగురి ముందూ ఆ కుర్రవాడిని కేకలేశాను. బండి పాడుచేశావన్నాను. యజమాని నన్ను సముదాయించి, వాడిని లోపలికి పొమ్మన్నాడు. వాడు ఏమీ అనలేదు. వాడి కథ తర్వాత చెబుతాను.

ముందు వాసనల సంగతి. మన ముక్కు చెప్పేది మొదటి సాక్ష్యం మాత్రమే. మరో మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. వాసన ఎప్పుడు వస్తోంది, అంటే ఆగినప్పుడా, ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా, ఏసీ వేసినప్పుడా? బండికి ఏ వైపున ఎక్కువ? ఈ మధ్య బండిలో ఏం మారింది?

మాడిన నూనె వాసన, బండి ఆగినప్పుడు ఎక్కువ, నడుస్తుంటే తక్కువ అయితే ఇంజన్ ఆయిల్‌ను అనుమానించాలి. ఇంజను తలమీద మూతలాంటిది టాపెట్ కవర్. దానికీ ఇంజనుకూ మధ్య రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది ఎండిన అప్పడంలా గట్టిపడి పట్టు వదిలేస్తుంది. కారిన చుక్క పొగ గొట్టం మొదలుమీద, అంటే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డుమీద పడుతుంది. అది కొన్ని వందల డిగ్రీల వేడిలో ఉంటుంది గనుక నూనె అక్కడికక్కడే పొగ అయిపోతుంది. అందుకే నేలమీద ఒక్క చుక్క కూడా కనబడకపోవచ్చు. "కింద మరక లేదు, కాబట్టి లీకు లేదు" అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు. బండి నడుస్తున్నప్పుడు గాలి ఆ పొగను కిందికి, వెనక్కి తోసేస్తుంది. ఆగినప్పుడు అది పైకి లేచి, అద్దం కిందనున్న గాలి రంధ్రాలలోంచి లోపలికి వస్తుంది.

నా బండిలో దీన్ని తేల్చినవాడు జె.సి.రోడ్డు వెనక సందులో ఒక ముసలి మెకానిక్. వేడిమీద ఉన్న బండిని చూడనన్నాడు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తెమ్మన్నాడు. పాత బట్టతో ఇంజనంతా శుభ్రంగా తుడిచి, పది కిలోమీటర్లు తిప్పి రమ్మన్నాడు. చల్లారాక టార్చి వేసి వెతికాడు. ఆయన చెప్పిన సూత్రం నాకు ఎంతో నచ్చింది. నూనె కిందికి కారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి బాగా తడిసిన చోట వెతక్కూడదు, కొత్త తడి కనిపించిన అన్నిటికన్నా ఎత్తైన చోట వెతకాలి. ట్యాలీ పోయిన రోజున కూడా అంతే, మొత్తం దగ్గర కాదు, తేడా మొదట పుట్టిన పద్దు దగ్గర చూడాలి. ఆ ఎత్తైన చోటు టాపెట్ కవర్ వెనక మూల. కుర్రవాడు చెప్పిన ప్యాకింగే.

బోల్టులు ఇంకాస్త బిగిస్తే సరిపోదా అని అడిగాను. అలా బిగిస్తే కవరు వంగి లీకు ఇంకా పెరుగుతుందన్నాడు. పాత ప్యాకింగు తీసి, రెండు అంచులూ గీతలు పడకుండా శుభ్రం చేసి, కొత్తది కూర్చోబెట్టి, మధ్య బోల్టులనుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి కొద్దికొద్దిగా బిగించాడు. బ్రీదర్ పైపు ఊడదీసి ఊది చూశాడు. అది మూసుకుపోతే ఇంజను లోపల ఒత్తిడి పెరిగి కొత్త ప్యాకింగు గుండా కూడా నూనె వస్తుందట. మొత్తం ఖర్చు నాలుగు వందలలోపు. మీరు ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. వారానికోసారి, బండి సమతలంమీద చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూడండి. నూనె తగ్గుతూ పోతుంటే వాసనకు కారణం అక్కడుంది.

ప్యాకింగు మారింది. పై వారం మా అమ్మను తీసుకొని తిరుపతి బయలుదేరాం. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. హోసకోట, కోలారు, ముళబాగిలు, నంగలి, పలమనేరు. ఈ దారి ఈ సభలో చాలామందికి కంఠోపాఠమే. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగుతుండగా మళ్లీ కాలిన వాసన. మా ఆవిడ, "ఏమండీ, మళ్లీ అదే" అంది. "పాత నూనె ఇంకా మిగిలుంటుంది, కాలిపోతుందిలే" అన్నాను. చూశారా? మొదటిసారి తప్పుడు మనిషిని అనుమానించాను, రెండోసారి పాత జవాబునే కొత్త ప్రశ్నకు అంటించాను. నా మూడు ప్రశ్నలలో మొదటిదానికి జవాబు కళ్లముందే ఉంది. నూనె వాసన ఆగినప్పుడు వచ్చేది, ఇది దిగేటప్పుడు వస్తోంది. పైగా ఇది నూనె వాసన కాదు, గోనెసంచి తగలబడినట్టు ఘాటుగా ఉంది.

మరో రెండు మలుపుల తర్వాత బ్రేకు పెడలు మెత్తబడింది. తొక్కితే దూదిలో దిగినట్టు దిగింది. వెనక సీట్లో అమ్మ విష్ణు సహస్రనామం చదువుకొంటోంది, ఆమెకేమీ తెలియదు. నేను పెడలును రెండు మూడుసార్లు పంపు కొట్టినట్టు కొట్టి, రెండో గేరుకు, తర్వాత మొదటి గేరుకు వేసి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగుతూ, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఆపగలిగాను. చేతులు వణికాయని చెప్పడానికి సిగ్గుపడను.

అక్కడ ఒక లారీ ఆగి ఉంది. డ్రైవరు వచ్చి చక్రాల దగ్గర వాసన చూసి, "ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగల్ల సార్. నువ్వు నాలుగో గేర్లో బ్రేకు మీద కాలు పెట్టుకొని దిగినావు" అన్నాడు. నిజమే. చక్రాలమీద పోయడానికి నేను నీళ్ల సీసా తీస్తే పట్టుకొని ఆపాడు. ఎర్రగా కాగిన డిస్కుమీద చన్నీళ్లు పడితే అది వంకరపోవచ్చు, పగలవచ్చు. "గంటసేపు ఊరికే కూచోండి, గాలికే ఆరిపోతాయి" అన్నాడు. కూర్చున్నాం. అమ్మ తెచ్చిన పులిహోర అతనికీ పెట్టాం.

సైన్సు చదివే పిల్లలు ఈ లెక్క చేసి చూడండి. మనుషులతో కలిపి ఒక టన్ను బరువున్న బండి 300 మీటర్ల ఎత్తునుంచి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 29 లక్షల జౌళ్లు. దాదాపు తొమ్మిది లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి అది చాలు. ఇంజను కొంత పీల్చుకోకపోతే, దానిలో ఎక్కువ భాగం చక్రాల దగ్గర నాలుగు చిన్న ఇనుప ముక్కలమీద పడుతుంది. బ్రేకు గొట్టాలలో ఉండే ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలదాకా మరగకూడదని నియమం. తేమ చేరాక అదే 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు గనుక కాలి ఒత్తిడిని చక్రందాకా మోస్తుంది, ఆవిరి నలిగిపోతుంది. పెడలు దూదిలా దిగడానికి కారణం అదే. నా బండిలో ఆ ద్రవం కొన్నప్పటినుంచీ మార్చలేదు. రెండేళ్లకోసారి మార్చాలి. ప్యాడ్లు అరిగాయో లేదో చూసినంత శ్రద్ధ దీన్ని ఎవరూ చూడరు. ఆ ఏడాది తిరుమల కొండ దిగేటప్పుడు, 1944లో తెరచిన పాత ఘాటు రోడ్డంతా రెండో గేరులోనే దిగాను. వెనకవాళ్లు హారన్లు కొట్టారు, కొట్టనీ అనుకున్నాను.

ఘాటు దిగకుండానే ఆ వాసన వస్తే, ఒక చక్రం దగ్గరే ఎక్కువగా ఉంటే, బ్రేకు పట్టుకుపోయిందన్నమాట. హ్యాండ్ బ్రేకు పూర్తిగా వదలలేదేమో మొదట చూడండి, చాలా కేసులు అక్కడే తీరిపోతాయి. లేకపోతే నాలుగు చక్రాల దగ్గరా ముట్టుకోకుండా, అరచేతి వెనక భాగాన్ని దూరంగా పెట్టి వేడి పోల్చండి. మూడు ఒకలా, ఒకటి పెనంలా ఉంటే ఆ చక్రానికే మరమ్మతు. కాలిపర్ పిన్నులు తుప్పుపట్టి కదలకపోవడం సాధారణంగా జరిగేది.

ఇదే రకం వాసన ఎక్కేటప్పుడుగానీ ట్రాఫిక్‌లోగానీ వస్తే క్లచ్చి. సిల్కు బోర్డు దగ్గర, హెబ్బాళ దగ్గర, అంగుళం అంగుళం కదిలే చోట పెడలును సగం తొక్కి పట్టుకొని బండిని నిలబెడతాం చూడండి, దాన్నే హాఫ్ క్లచ్చి అంటారు. ఆ సమయంలో రెండు పలకలు ఒకదానిమీద ఒకటి రాసుకొంటూ ఉంటాయి. సెలవునాడు నంది కొండకు అయిదుగురిని ఎక్కించుకొని పోయేవారికీ ఇదే అనుభవం. 1478 మీటర్ల కొండ, వరుస మలుపులు, ముందు బండి ఆగితే మనమూ ఏటవాలుమీద ఆగాలి. అలాంటి చోట హ్యాండ్ బ్రేకుతో నిలబెట్టి, క్లచ్చి పూర్తిగా వదిలి న్యూట్రల్‌లో ఉండాలి. ఒక్కసారి వాసన వచ్చి చల్లారాక పోతే పరవాలేదు. రోజూ వస్తుంటే, పై గేరులో ఆక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తుందిగానీ వేగం పెరగకపోతే, ప్లేటు జారుతోంది. మార్చే ముందు పెడలుకు ఉండాల్సిన కొద్దిపాటి ఖాళీ కదలిక ఉందో లేదో చూపించుకోండి. కేబులు మరీ బిగిసి ఉండటంవల్ల కూడా జారుతుంది. సర్దుబాటుతో పోయేదానికి వేలు పోయనక్కర లేదు.

కూలెంట్ కారితే బెల్లం పాకం అడుగంటినట్టు తియ్యని వాసన. ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంటుంది. ఏసీ ఆపి, బండి పక్కకు తీసి ఇంజను ఆపేయాలి. రేడియేటరు మూతను వేడిమీద తీయకూడదు. మన బెంగుళూరు ఎత్తులో మామూలు నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత ఒత్తిడిని పట్టి ఉంచబట్టే లోపలి ద్రవం వంద దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణాన ఒత్తిడి పోయి, మొత్తం ఆవిరై ముఖంమీదకు ఎగురుతుంది. కారిన కూలెంట్ విషం, పిల్లల్నీ కుక్కల్నీ దగ్గరికి రానీయకండి. రబ్బరు కాలిన వాసనతోబాటు కీచుమనే శబ్దం ఉంటే బెల్టు. ఉత్త ప్లాస్టిక్ వాసనైతే కిందికి వంగి చూడండి, రోడ్డుమీద ఎగిరిన క్యారీ బ్యాగు సైలెన్సరుకు అతుక్కొని ఉండవచ్చు.

ఇక వైరు కాలిన వాసన. ముక్కుకు, కంటికి సూదిలా గుచ్చుతుంది. ఇది ఒక్కటి మాత్రం "ఇంటిదాకా పోయి చూద్దాం" అనడానికి వీల్లేనిది. వెంటనే ఆపి, తాళం తీసి, అందరినీ దింపాలి. బానెట్ లోంచి పొగ వస్తుంటే దాన్ని ఎత్తకూడదు, గాలి తగిలి మంట లేస్తుంది. లోపలి లీవరు లాగి, ఏర్పడిన సందులోంచే మంటలార్పే పొడి కొట్టాలి. అది లేకపోతే దూరంగా జరిగి ఫోను చేయాలి. పొగ లేకుండా వాసన మాత్రమే ఉంటే బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయించాలి.

దీనికి కారణం ఎక్కువగా మన చేజేతులా చేసుకొన్నదే. కామర్సు పిల్లలకు కూడా అర్థమయ్యే లెక్క ఒకటి. రెండు హెడ్‌లైట్లు ఒక్కొక్కటి 60 వాట్లు, మొత్తం 120. పన్నెండు వోల్టుల బ్యాటరీకి 10 ఆంపియర్లు. వెలుగు చాలలేదని 100 వాట్ల బల్బులు వేశారనుకోండి, 200 వాట్లు, అంటే సుమారు పదహారున్నర ఆంపియర్లు. తీగ పాతదే. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి దాదాపు 2.8 రెట్లు. ఫ్యూజు పోతుంది. దుకాణంవాడు 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు తీసి 30 ఆంపియర్ల ఆకుపచ్చది పెడతాడు. ఇక ఫ్యూజు కాలదు, తీగ కాలుతుంది. బ్యాంకులో సరిపోని సంతకాన్ని పట్టుకొనే గుమాస్తాను సెలవుమీద పంపేసినట్టు. 2010లో కొన్ని నానో కార్లకు మంటలంటుకొన్నప్పుడు కంపెనీ తన విచారణలో చెప్పిన కారణాలు కూడా ఇలాంటివే, అదనంగా బిగించిన విద్యుత్ పరికరాలు, ఎగ్జాస్టుమీద ఉండిపోయిన ఇతర పదార్థాలు. ఎలుకల సంగతి వేరే చెప్పాలా? వారం రోజులు కదలని బండి బానెట్ కింద అవి తీగలు కొరికి, పీచు, కాగితాలు చేర్చి గూడు కడతాయి. ఊరినుంచి వచ్చి తాళం తిప్పే ముందు ఒకసారి బానెట్ ఎత్తి చూడటం మా ఇంట్లో ఇప్పుడు నియమం.

ఆ కుర్రవాడి కథ చెబుతానన్నాను. తిరుపతినుంచి వచ్చిన మూడో రోజున ఆ గ్యారేజీకి వెళ్లాను. వాడు చెప్పినదే నిజమని చెప్పి, ఏదైనా ఇచ్చి వద్దామని. వాడు లేడు. నేను కేకలేసిన రోజునే యజమాని కూలి కోసేశాడట, ఇంకో రెండు రోజులకు వాడే మానేశాడట. పక్కనున్న కుర్రవాణ్ని అడిగితే, "వాడు పీయూసీ మొదటి ఏడు చదివి ఫీజు కట్టలేక వచ్చినాడు సార్, బండి శబ్దం వింటేనే చెప్పేస్తాడు" అన్నాడు. బాగేపల్లిలో ఎక్కడని అడిగాను, వాళ్లకు తెలియదు. తర్వాత కూడా రెండు మూడు గ్యారేజీలలో వాకబు చేశాను, దొరకలేదు. నాకు చిన్న ఉద్యోగమే అయినా ఆ మరుసటి సంవత్సరంనుంచి ఈ ట్రస్టుకు ఏటా ఒక విద్యార్థి ఫీజు కడుతున్నాను. దాన్ని దానమని అధ్యక్షులవారు ఇందాక అన్నారు. పుస్తకంలో ఏ పద్దు కింద రాయాలో నాకు తెలుసు గనుక ఆ మాట సరిదిద్దుతున్నాను. అది బాకీ.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. నా బండి బయట వేపచెట్టు కింద ఉంది. పొద్దున తొమ్మిదికి ఆపాను, ఇప్పుడు చల్లగా ఉంటుంది. భోజనాలయ్యాక బానెట్ ఎత్తుతాను. టాపెట్ కవర్ ఎక్కడుంటుందో, డిప్‌స్టిక్ ఎలా చదవాలో చూడాలనుకొన్నవారు రండి. ఆడపిల్లలు వెనక నిలబడకుండా ముందుకు రండి. పాత బట్ట డిక్కీలో ఉంది, చేతులు నల్లబడితే సబ్బు మేనేజరుగారిని అడుగుదాం.